తక్కువ బడ్జెట్ అమెరికన్ ఫైట్ సినిమాలు: దెబ్బ కోసం చూస్తున్నామా, నవ్వుకోవడానికా?

మూడో రీలు

ఈ సినిమాల ప్రస్తావన వస్తే చాలు, రెండే మాటలు వినపడతాయి. "చిన్నప్పటి మోజు" అని ఒకరు, "ఎంత చెత్తగా ఉందో చూసి నవ్వుకోవడానికి" అని ఇంకొకరు. నేను రెండూ ఒప్పుకోను. 1980ల మొదటి నుంచి 90ల నడిమి దాకా అమెరికా కంపెనీలు ఎక్కువగా వీడియో షాపుల కోసమే తీసిన కరాటే, నింజా, కిక్‌బాక్సింగ్ సినిమాల గురించి నా మాట. కథ చెత్తే, డైలాగులు చెత్తే. కానీ ఫ్రేములో నిలబడ్డ మనిషికి పని వచ్చు, అంటే నిజంగా కొట్టడం వచ్చు. ఆ పని మీద మెరుగులు దిద్దడానికి నిర్మాత దగ్గర డబ్బూ లేదు, టైమూ లేదు. అందుకే అది తల నుంచి పాదం దాకా ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ఆకర్షణంతా అక్కడే.

'బ్లడ్‌ఫిస్ట్' (1989) చూడండి. రోజర్ కార్మన్ కంపెనీ ఫిలిప్పీన్స్‌లో తీసింది. టైటిల్స్‌లో డాన్ విల్సన్, బిల్లీ బ్లాంక్స్, రాబ్ కమన్ లాంటి వాళ్ళ పేర్లతో పాటు వాళ్ళు గెలిచిన ఛాంపియన్‌షిప్పులు కూడా వేశారు. మాకు నటన అంతంత మాత్రమే, వచ్చిందేమిటో ఇదిగో అని ముందే చెప్పేయడం అది. ఇంత నిజాయితీ ఉన్న టైటిల్ కార్డు నాకు ఇంకో జాన్రాలో కనపడలేదు.

నెల్లూరు నింజా

మనిషికి పని వచ్చు అన్నారు, బాగుంది. మరి నల్ల ముసుగుల నింజాల సంగతేంటి మూడో రీలు గారూ? ఈ గోలంతా మొదలైందే 'ఎంటర్ ద నింజా' (1981)తో. అందులో హీరో ఫ్రాంకో నీరో, ఇటలీ కౌబాయ్ సినిమాల ఆయన. ముసుగు వేయగానే లోపల ఉండేది మైక్ స్టోన్, 60లనాటి కరాటే ఛాంపియన్. ఆ సినిమాకి మూలకథ ఇచ్చిందీ ఆయనే, మొదట హీరో కావలసిందీ ఆయనే. ఇక 'అమెరికన్ నింజా' (1985)కి వచ్చేసరికి మైకేల్ డుడికాఫ్‌కి కరాటే నేపథ్యమే లేదు. డూప్‌ని దాచడానికి నల్లగుడ్డ కంటే చవకైన మేకప్ ఏముంది? ఈ రెండూ తీసిన కానన్ కంపెనీ యజమానులు గోలన్, గ్లోబస్‌లు నింజాని ఎంచుకున్నది కళ మీద ప్రేమతో కాదు, ముఖం కనపడదని.

మూడో రీలు

డూప్ సంగతి ఒప్పుకుంటా. కానీ అదే 'ఎంటర్ ద నింజా'లో విలన్ షో కొసుగి. జనం ఎవరిని చూశారో కానన్‌కి వెంటనే అర్థమైంది, అందుకే 1983లో 'రివెంజ్ ఆఫ్ ద నింజా'కి ఆయన్నే హీరోని చేశారు. 'అమెరికన్ నింజా'లోనూ డుడికాఫ్ పక్కనున్న స్టీవ్ జేమ్స్‌ని చూడండి. హీరో స్నేహితుడి వేషం అంటారు గానీ, ఫ్రేములో ఉన్నంతసేపూ కళ్ళు ఆయన మీద నుంచి పక్కకు పోవు. పని వచ్చిన వాడు పోస్టర్ మీద ఎక్కడున్నా తెర మీద దొరికిపోతాడు.

కత్తెర

ఇద్దరూ మనిషి దగ్గరే ఆగిపోయారు. పని రావడం వేరు, వచ్చిన పని తెర మీద కనపడటం వేరు. దీనికి మంచి రుజువు సింథియా రాత్‌రాక్. 80ల మొదట్లో వరుసగా ప్రపంచ ఛాంపియన్. 1985లో హాంగ్‌కాంగ్‌లో కోరీ యుయెన్ దర్శకత్వంలో 'యెస్, మేడమ్' చేసింది, పక్కన మిషెల్ యో. 1990లో అమెరికా నేపథ్యంలో 'చైనా ఓబ్రయన్' చేసింది. దర్శకుడు రాబర్ట్ క్లౌజ్, అంటే 'ఎంటర్ ద డ్రాగన్' తీసినాయనే. కాళ్ళు అవే, చేతులు అవే. కానీ రెండో సినిమాలో ఆమె నీళ్ళలో కొట్టినట్టు ఉంటుంది. తేడా ఎక్కడొచ్చింది?

షూటింగ్ పద్ధతిలో. హాంగ్‌కాంగ్‌లో ఫైట్ మొత్తాన్ని ఒకేసారి చేయించరు. మూడు నాలుగు దెబ్బలు ఒక షాట్, తర్వాతి మూడు దెబ్బలకి ఏ కోణం బాగుంటుందో అక్కడికి కెమెరా మారుతుంది. ఎడిటింగ్ సగం ఫైట్ మాస్టర్ బుర్రలోనే అయిపోతుంది. మన మాస్టర్లూ షాట్ షాట్‌కీ కంపోజ్ చేసుకుంటూ పోతారు కదా, దాదాపు అదే. అమెరికా చిన్న సినిమాల అలవాటు వేరు. మొదట వైడ్‌లో, అంటే దూరం నుంచి, ఫైట్ మొత్తం మొదటి నుంచి చివరి దాకా, తర్వాత అదే ఫైట్ ఇటు నుంచి, అటు నుంచి, క్లోజప్‌లో. మూడోసారికి ఊపిరి అయిపోతుంది. ఇంకా రెండుసార్లు చేయాలని తెలుసు కాబట్టి మొదటి టేకు నుంచే బలం దాచుకుంటారు. ఆ దాచుకోవడం తెర మీద కనపడుతుంది.

రెండోది కెమెరా స్పీడు. మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు. 22తో తీసి 24తో చూపిస్తే కదలిక 9 శాతం వేగం అవుతుంది, 20తో తీస్తే 20 శాతం. 22 దగ్గర మామూలు కంటికి పట్టదు. 20 కిందికి దిగితే జుట్టు, ప్యాంటు అంచు, లేచిన దుమ్ము అన్నీ తుళ్ళిపడతాయి, మూకీ కామెడీ అయిపోతుంది. హాంగ్‌కాంగ్ వాళ్ళు దీన్ని ఉప్పులా వాడారు. అమెరికా వాళ్ళలో చాలామంది 24 దగ్గరే వదిలేశారు, లేదా ఉల్టా స్లో మోషన్‌కి పోయారు.

మూడోది ఎవరూ పట్టించుకోనిది. పాయింట్ల కరాటేలో తగిలీ తగలగానే చెయ్యి వెనక్కి లాగాలి. ఛాంపియన్‌కి అది ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. కెమెరాకి అది శత్రువు. పిడికిలి ముఖం దగ్గర ఉండేది రెండు మూడు ఫ్రేములే, దెబ్బ తగిలిందో లేదో కన్ను పట్టేలోపు చెయ్యి ఇంటికి వెళ్ళిపోతుంది. సినిమా దెబ్బ ముఖాన్ని దాటి అవతలికి పోవాలి. అందుకే పతకాలు ఎక్కువున్న వాడు తెర మీద తేలిపోవడం, అంతగా గెలవని వాడు అదరగొట్టడం జరుగుతుంది.

లెక్కల మాస్టారు

కత్తెర గారు పద్ధతి అన్నదాన్ని నేను డబ్బు అంటాను. కాగితం మీద వేసి చూద్దాం. 90 నిమిషాల సినిమా, 18 రోజుల షెడ్యూల్ అనుకోండి. రోజుకి 5 నిమిషాల సినిమా బయటికి రావాలి. 12 గంటల రోజులో భోజనం, సర్దుబాట్లు తీసేస్తే 10 గంటలు. ఒక్కో కోణానికి లైట్లు, రిహార్సల్, రెండు టేకులు కలిపి అరగంట. అంటే 20 షాట్లు. హాంగ్‌కాంగ్ లెక్కన షాట్‌కి 4 దెబ్బలైతే రోజంతా కలిపి 80 దెబ్బలు, అంటే ఒకటిన్నర నిమిషం ఫైట్. అలాంటివి సినిమాలో ఏడుంటే? 18 రోజుల్లో మూడో వంతు పైన వాటికే పోతాయి. అందుకే వైడ్‌లో మొత్తం కొట్టించేస్తారు. చేతకాక కాదు.

టోర్నమెంట్ కథలు ఎందుకు అన్నేసి వచ్చాయో కూడా ఇక్కడే తేలిపోతుంది. ఒక రింగు, ఒకసారి పెట్టిన లైట్లు, ఆరు ఫైట్లు. జనం లేరా? నలభై మందిని ఏ కోణానికి ఆ వైపు కూర్చోబెట్టి, వెనక చీకటి చేసి, కాస్త పొగ వదిలితే స్టేడియం. కథ రాయడం కూడా అక్కర్లేదు, లీగు పట్టిక ఉంటే చాలు.

అమ్మకం ముచ్చట కూడా చెప్పాలి. సినిమా తీయకముందే పోస్టరూ టైటిలూ పట్టుకుని కేన్స్‌లో, మిలాన్‌లో, 1981 నుంచి లాస్ ఏంజెలెస్‌లో మొదలైన అమెరికన్ ఫిల్మ్ మార్కెట్‌లో దేశాలవారీగా హక్కులు అమ్మేవారు. కామెడీని కొరియాలో అమ్మాలంటే అనువాదం కావాలి. గాల్లో లేచిన కాలుకి అక్కర్లేదు. పైగా అమెరికాలో అద్దె షాపులకి అమ్మే క్యాసెట్ ధర 80, 90 డాలర్లు ఉండేది. కొనేది ప్రేక్షకుడు కాదు, షాపువాడు. షాపువాడు అట్ట చూసి కొంటాడు. ఈ సినిమాల్లో అట్ట ఎప్పుడూ సినిమా కంటే బాగుండటానికి కారణం అదే.

వరంగల్ వైడ్

అన్నా, ఒక ముచ్చట అందరూ మర్చిపోయిన్రు. క్యాసెట్ల బొమ్మ చదరం ఉండె. హాంగ్‌కాంగ్ షా బ్రదర్స్ లాంటి వాళ్ళ సినిమాలు వెడల్పు స్కోపుల తీసినయి. గవి చదరం టీవీకి కోస్తే ఇద్దరు కొట్టుకునేటోళ్ళల్ల ఒకడే మిగులుతడు. వాడు ఎవర్ని తంతుండో తెల్వదు, కాలు పోయి ఫ్రేము బయట తగుల్తది. అమెరికా చవక సినిమాలు ఎక్కువ మామూలు లెన్సుతోని తీసినయి. నెగెటివ్ చదరానికి దగ్గరనే ఉంటది, థియేటర్ల పైనా కిందా మూసి వెడల్పు చేస్తరు. క్యాసెట్ల ఆ మూత తీసేస్తే పాదాలు కూడా కనవడ్తయి. అప్పుడప్పుడు పైనుంచి మైకు కూడా కనవడ్తది, గది వేరే సంగతి. అంటే ఆ రోజుల్ల క్యాసెట్ చూసినోళ్ళకు హాంగ్‌కాంగ్ సినిమా కంటే అమెరికా సినిమాల తన్నే పూర్తిగ కనవడ్డది. ఇయ్యాల బ్లూరేల పాదాలు కోసేసి, నీట్‌గుంది అంటున్నరు.

నెల్లూరు నింజా

పాదాల సంగతి బానే ఉంది, మనుషుల సంగతి? 'కిక్‌బాక్సర్' (1989)లో థాయ్ విలన్ టాంగ్ పో ఎవరనుకున్నారు? మొరాకోలో పుట్టిన మిషెల్ కిస్సీ, హీరో వాన్ డామ్‌కి చిన్ననాటి స్నేహితుడు. కళ్ళకి మేకప్ వేసి థాయ్‌వాడిని చేశారు. థాయ్‌లాండ్‌లో షూటింగ్, థాయ్ విద్య, గెలిచేది మాత్రం బయటి నుంచి వచ్చినవాడు. 'బ్లడ్‌స్పోర్ట్' (1988) నిజ జీవిత కథ అని అచ్చేశారు. ఫ్రాంక్ డక్స్ తనకి జరిగిందని చెప్పిన ఆ రహస్య టోర్నమెంట్ కథని అదే ఏడు లాస్ ఏంజెలెస్ టైమ్స్ ప్రశ్నించింది. "ఉన్నదున్నట్టు కనిపిస్తుంది" అన్న మాట వీటికి ఎలా అతుకుతుందో మూడో రీలు గారే చెప్పాలి.

మూడో రీలు

కథలో అబద్ధాన్ని సమర్థించను. టాంగ్ పో మేకప్‌ని అసలు సమర్థించను. నేను చెప్పింది శరీరం గురించి. 'బ్లడ్‌స్పోర్ట్' అమెరికాలోనే 1 కోటి 18 లక్షల డాలర్లు వసూలు చేసింది, ఆ డబ్బు డక్స్ కథకి రాలేదు. రెండు కాళ్ళూ చీల్చి కూర్చున్న వాన్ డామ్‌కి వచ్చింది, విలన్ బోలో యెంగ్ ఛాతీకి వచ్చింది.

కత్తెర

వాన్ డామ్ మాటొచ్చింది కాబట్టి. అతని తన్ను మూడు కోణాల్లో, మూడుసార్లు, స్లో మోషన్‌లో వస్తుంది. అది పిచ్చి కాదు, ఉపాయం. అతని బలం కాలు ఎంత పైకి లేచింది, గాల్లో ఎంత నిటారుగా ఆగింది అన్నదాంట్లో ఉంది. వరస దెబ్బల వేగంలో కాదు. ఉన్న బలాన్ని సాగదీసి చూపించారు, లేనిదాన్ని దాచారు. పైగా ఒక తన్ను 12 సెకన్ల సినిమా అవుతుంది, మాస్టారి లెక్కలో అదీ కలుస్తుంది.

రింగు సినిమాల్లో ఇంకో ఇబ్బంది. చొక్కా ఉంటే పక్కటెముకల మీద ప్యాడ్ పెట్టి నిజంగానే తన్నించవచ్చు, అది ఏ కోణం నుంచైనా నిజంలా ఉంటుంది. రింగులో ఒంటి మీద గుడ్డ ఉండదు. అందుకని తల మీదికి పోతారు. తల దెబ్బకి లెన్సు, పిడికిలి, ముఖం ఒకే గీత మీద ఉండాలి. 85, 100 ఎంఎం లెన్సు అయితే జానెడు ఖాళీ కూడా దాగిపోతుంది. వైడ్ లెన్సుతో పక్క నుంచి తీస్తే బెత్తెడు ఖాళీ కూడా గుమ్మంలా కనపడుతుంది. దెబ్బ తినేవాడి తల పిడికిలి దాటే క్షణంలో కదలాలి. రెండు ఫ్రేములు ముందు కదిలితే భయపడ్డట్టు, వెనక కదిలితే ఆలోచించుకుని పడ్డట్టు ఉంటుంది.

లెక్కల మాస్టారు

పరీక్ష కావాలంటే సౌండ్ మ్యూట్ చేసి చూడండి. ఈ సినిమాల్లో సగం దెబ్బలు చెవిలోనే పడతాయి, అదే "టిష్" శబ్దం పది సినిమాల్లో. మ్యూట్‌లో కూడా దెబ్బ తగిలినట్టుంటే అది పని. ఆ తర్వాత వెనక వరసలో తమ వంతు కోసం ఎదురుచూసే ఫైటర్లని చూడండి. నలుగురు చుట్టుముట్టి ఒక్కొక్కరే వస్తారు, అది ఎక్కడైనా తప్పదు. మంచి మాస్టర్ మిగతా ముగ్గురికీ లేవడం, తూలడం, వెనక్కి తిరగడం ఏదో ఒకటి అప్పగిస్తాడు. పని రానిచోట వాళ్ళు అక్కడే చెప్పుల కింద నిప్పులున్నట్టు గెంతుతుంటారు.

ఫుల్‌షాట్

ఆలస్యంగా వచ్చాను. నవ్వుకోవడానికి అన్న పక్షాన ఎవరూ సరిగ్గా వాదించలేదు కాబట్టి నేను వాదిస్తా. 'మయామి కనెక్షన్' చూడండి. ఓర్లాండోలో టైక్వాండో స్కూళ్ళు నడిపిన వై.కె. కిమ్ 80ల చివర్లో సొంత డబ్బుతో తీసి మునిగిపోయాడు. ఏళ్ళ తర్వాత ఆ 35 ఎంఎం ప్రింటుని ఈబేలో ఎవరో 50 డాలర్లకి కొన్నారు, 2012లో మళ్ళీ థియేటర్లలో వేశారు, జనం ఊగిపోయారు. ఆ ఊగడం ఫైట్లకా? టైక్వాండో చేసే రాక్ బ్యాండు, మాదకద్రవ్యాలమ్మే నింజాలు, తండ్రి కోసం ఏడ్చే సీను, వీటికి. అక్కడ ఆకర్షణ పనితనం కాదు. ఆ మనిషి ఒక్క నిమిషం కూడా వెటకారం చేయకపోవడం. మీ వాదనలో ఈ సినిమాకి చోటెక్కడ?

మూడో రీలు

చోటు లేదు, నిజమే. నా గీత దీన్ని పట్టదు. కానీ పడీ పడీ నవ్విన జనం కూడా కిమ్ కాలు లేపినప్పుడు మాత్రం నవ్వరు. అది గమనించారా?

ఫుల్‌షాట్

నవ్వుతారు. ఆ కాలు వేళ్ళతో ఎదుటివాడి ముక్కు పట్టి లాగితే నవ్వకుండా ఎలా ఉంటారండీ.

వరంగల్ వైడ్

😂 గది కరెక్టే.

కత్తెర

ఆ వేలు గొడవ పక్కన పెడితే, 'నో రిట్రీట్, నో సరెండర్' (1986)ని ఎక్కడ పెడతారు? కథ అమెరికాలో, కుర్రాడు అమెరికన్, రష్యన్ విలన్‌గా వాన్ డామ్. డబ్బు మాత్రం హాంగ్‌కాంగ్ సీజనల్ కంపెనీ ఎంగ్ సీ-యుయెన్‌ది, జాకీ చాన్‌ని 1978లో నిలబెట్టిన నిర్మాత. దర్శకుడు మళ్ళీ కోరీ యుయెన్. చివరి ఫైట్ చూస్తే బడ్జెట్ చిన్నదే గానీ షాట్లు హాంగ్‌కాంగ్‌వి. తర్వాత 2006లో ఐజాక్ ఫ్లోరెంటైన్ బల్గేరియాలో 'అన్‌డిస్ప్యూటెడ్ 2' తీసినప్పుడు ఇదే పాఠం కనపడుతుంది. తక్కువ రోజులు, తక్కువ డబ్బు. కానీ స్కాట్ ఆడ్కిన్స్, మైకేల్ జై వైట్‌ల ఒళ్ళు మొత్తం ఫ్రేములో ఉంచి, దెబ్బ పూర్తయ్యాకే కట్ చేశారు. డబ్బే కారణమైతే ఇది సాధ్యం కాకూడదు కదా మాస్టారూ?

లెక్కల మాస్టారు

బల్గేరియాలో అదే డబ్బుకి ఎక్కువ రోజులు దొరుకుతాయి. కథ ఒకే జైల్లో, లైట్లు మార్చే పని లేదు. డబ్బే అంటాను.

కత్తెర

1990లో రాత్‌రాక్‌కీ చవక ఊళ్ళే దొరికాయి. ఎవరి చేతిలో స్టోరీబోర్డు ఉందన్నదే తేడా.

నెల్లూరు నింజా

డుడికాఫ్ సంగతి మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు. మొత్తం నాలుగు సినిమాల్లో ముసుగు వేసుకున్నాడు అబ్బా.

వరంగల్ వైడ్

మూడే అన్నా. మూడో పార్టుల హీరో డేవిడ్ బ్రాడ్లీ. గాయనకైతే కరాటే వచ్చు.

నెల్లూరు నింజా

చూశారా, పని వచ్చినవాడిని పెట్టిన పార్టు ఎవరికీ గుర్తులేదు.

మూడో రీలు

ఇది నా మీదికే వచ్చింది. మూడో పార్టు మ్యూట్‌లో పెట్టి చూసి రేపు జవాబిస్తా.