విద్యార్థులతో ఈప్ర్ యుద్ధభూములకు రెండు రోజుల ప్రయాణం: ఏవి చూపాలి, ఏవి వదలాలి?

ప్రశ్న:
పదిహేను, పదహారేళ్ల విద్యార్థులను బెల్జియంలోని ఈప్ర్ పరిసరాలకు తీసుకువెళ్లి, మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన సైనికులకు నివాళి అర్పించాలని అనుకుంటున్నాము. ఉన్నది రెండు రోజులే. మెనిన్ గేట్ స్మారక ద్వారం, టైన్ కాట్, లాంగెమార్క్, ఎసెక్స్ ఫార్మ్ సైనిక శ్మశానవాటికలు, సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ స్మారకం అన్నీ చూపించాలని ఉంది గానీ, పిల్లలు బస్సు దిగడం, ఫోటోలు తీసుకోవడం, మళ్లీ బస్సెక్కడంతోనే సరిపోతుందేమోనని సందేహం. విద్యార్థులతో వెళ్లివచ్చినవారు సలహా ఇవ్వగలరు.

సమాధానం 1:
స్థలాలు తగ్గించి, పేర్లకు సమయం ఇవ్వండి. బయలుదేరే ముందే ప్రతి విద్యార్థీ, యుద్ధ సమాధులను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఒక సైనికుడిని ఎంచుకుని, అతని రెజిమెంటు, మరణించిన తేదీ, సమాధి వరుస రాసుకుంటే, అక్కడికి చేరాక ఆ రాయిని వెతికి పట్టుకోవడమే వారికి పని అవుతుంది. ఎసెక్స్ ఫార్మ్‌లో 1916 జనవరిలో మరణించిన వాలెంటైన్ స్ట్రడ్విక్ సమాధి ఉంది. రాతి మీద చెక్కిన వయసు 15 ఏళ్లు, అంటే మీ పిల్లల ఈడువాడే. టైన్ కాట్‌లో దాదాపు 12,000 సమాధులు ఉండగా, వాటిలో 8,300కు పైగా ఎవరివో తెలియనివి. పేరు ఉండవలసిన చోట మహాయుద్ధ సైనికుడని, అడుగున అతనెవరో దేవుడికే ఎరుక అన్న అర్థంలో ఒక మాట ఉంటాయి. అక్కడ కనీసం రెండు గంటలు ఉంచండి. గైడు ఉపన్యాసం లేకపోయినా ఫరవాలేదు.

సమాధానం 2:
పై సలహాతో ఏకీభవిస్తాను గానీ, లాంగెమార్క్‌ను మాత్రం వదలకండి. అది జర్మన్ సైనికుల శ్మశానవాటిక. ఓక్ చెట్ల నీడలో నేలబారుగా పరచిన పలకలు, దాదాపు 25,000 మందిని కలిపి పూడ్చిన ఒకే ఒక గొయ్యి చూసిన విద్యార్థులు, అవతలి పక్షంలో చనిపోయినవారికీ తలవంచాలా అని తమంతట తామే అడుగుతారు. ఆ చర్చకు చోటివ్వని నివాళి యాత్ర నా దృష్టిలో అసంపూర్ణం.

సమాధానం 3:
నవ్ షాపెల్‌కు అరపూట పోయినా నష్టం లేదు. 1915 మార్చిలో అక్కడ జరిగిన దాడిలో భారతీయ సైనికులు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు. పశ్చిమ రంగంలో మరణించి, సమాధి కూడా దక్కని 4,700 మందికి పైగా భారతీయ సైనికుల, కార్మికుల పేర్లు 1927లో ఆవిష్కరించిన ఆ స్మారకం గోడల మీద ఉన్నాయి. స్తంభానికి ఇరువైపులా రాతి పులులు కాపలా కాస్తుంటాయి. ఈ యుద్ధం యూరోపియన్లదే అనుకునే విద్యార్థి ఏ దేశంవాడైనా అక్కడ కాసేపు ఆగుతాడు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మెనిన్ గేట్ వద్ద పుష్పచక్రం ఉంచాలంటే ఎవరిని సంప్రదించాలి?

సమాధానం 1:
అక్కడ రోజూ నివాళి నిర్వహించే లాస్ట్ పోస్ట్ అసోసియేషన్‌కు ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. 1928 నుంచి, రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణ కాలం మినహా, అక్కడ ప్రతి సాయంత్రం 8 గంటలకు లాస్ట్ పోస్ట్ అనే నివాళి స్వరాన్ని బ్యూగిల్ మీద ఊదుతున్నారు. ముగిశాక చప్పట్లు కొట్టకూడదని పిల్లలకు ముందే చెప్పండి. అలాగే, పొలాల గట్ల మీద తుప్పుపట్టిన ఫిరంగి గుండ్లు నేటికీ బయటపడుతూ ఉంటాయి. ఎవరూ వాటిని ముట్టుకోకుండా చూసుకోండి.