ఈఓఎల్ (జీతం లేని సెలవు) పెట్టి ఎమ్మెల్యేగా పోటీ చేయొచ్చా?

రామంతాపూర్ అక్క:
నమస్తే. నేను ప్రభుత్వంలో సీనియర్ అసిస్టెంట్‌ని. నాన్న సర్వీసులో ఉండగానే పోతే, కారుణ్య నియామకం కింద 2004 మార్చిలో చేరాను. పాత పెన్షనే వర్తిస్తుంది. ఆరేళ్లుగా మా బస్తీ నాలా కోసం తిరుగుతున్నా. అందరి దరఖాస్తులూ నేనే రాస్తా. మొన్న వానకి మురుగు ఇళ్లలోకి వచ్చింది. పక్కింటి పెద్దమ్మ బియ్యం డబ్బా మంచం మీద పెట్టుకుని, కాళ్లు ముడుచుకుని తెల్లవార్లూ దాని పక్కనే కూర్చుంది. ఆ రాత్రే అనుకున్నా, 2028లో ఉప్పల్ నుంచి ఇండిపెండెంట్‌గా నిలబడాలని.

ఆఫీసులో ఒకాయన "మూడు నెలలు ఈఓఎల్ పెట్టు, ఓడితే మళ్లీ జాయిన్ అవ్వు" అంటున్నాడు. ఇంకొకామె ఉన్న ఉద్యోగం ఊడుతుందని భయపెడుతోంది. మా ఆయన ఆటో నడుపుతాడు, బాబు ఇంటర్. ఇల్లు నడిచేది నా జీతం మీదే. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత ఫైలు:
అమ్మా, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో చేసి చేసి సూపరింటెండెంట్‌గా రిటైరైనవాణ్ణి. ఈఓఎల్ మాట మర్చిపో. సెలవులో జీతం ఆగుతుంది గానీ నువ్వు ప్రభుత్వ ఉద్యోగివి కాకుండా పోవు. రాజ్యాంగం 191 అధికరణ ప్రకారం ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవాళ్లు ఎమ్మెల్యేగా ఎన్నికవడానికి అనర్హులు. ఎంపీకైతే 102. పైగా 1964 నాటి ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. సెలవులో ఉన్నా సరే, పార్టీలో చేరినా ప్రచారం చేసినా చర్య తప్పదు.

ఎన్నికల డ్యూటీలో నామినేషన్ల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఒకటి చూశాను. ఒక ఉద్యోగి రాజీనామా లేఖ కాపీ పట్టుకొచ్చాడు. దాని మీద తపాల్ సెక్షన్ వేసిన ఊదారంగు ముద్ర తప్ప ఇంకేమీ లేదు. "ఆమోదించిన ప్రొసీడింగ్స్ ఏవీ?" అని రిటర్నింగ్ అధికారి అడిగారు. సెక్షన్‌లో పెండింగ్ ఉందన్నాడు. పరిశీలన రోజుకి ఉద్యోగంలోంచి బయటపడి ఉండాలి, లేఖ ఇచ్చానంటే చాలదు. నామినేషన్ తిరస్కరించారు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మనిషి ముఖం ఇప్పటికీ గుర్తుంది నాకు.

నోటిఫికేషన్ వచ్చాక నామినేషన్లకి ఏడో రోజు ఆఖరు, మర్నాడే పరిశీలన. వీఆర్‌ఎస్‌కి, అంటే స్వచ్ఛంద పదవీ విరమణకి, మూడు నెలల నోటీసు ఇవ్వాలి. రెండూ కలవవు. కాబట్టి నోటిఫికేషన్ కోసం చూడకుండా చాలా ముందే కదలాలి. నీకు 20 ఏళ్లు దాటాయి కాబట్టి రాజీనామా చేయకు, వీఆర్‌ఎస్సే తీసుకో. రాజీనామా చేస్తే చేసిన సర్వీసంతా లెక్కలోంచి పోతుంది, పెన్షన్ రాదు. వీఆర్‌ఎస్ అయితే సర్వీసుకి తగ్గ పెన్షన్ వస్తుంది. ఛార్జ్ మెమో (నీ మీద అభియోగాల కాగితం) ఏదైనా ఉంటే ముందు తేల్చుకో, ఫైలు అక్కడే ఆగేది.

మల్కాజిగిరి తమ్ముడు:
మా అన్న కెనడాలో ఫెడరల్ ఉద్యోగి. అక్కడ పబ్లిక్ సర్వీస్ కమిషన్ అనుమతిస్తే జీతం లేని సెలవు మీద పోటీ చేయొచ్చు. ఓడితే మళ్లీ ఉద్యోగానికి, పార్లమెంటుకి గెలిస్తే ఆ రోజుతో ఉద్యోగం ముగిసినట్టే. మనకూ అలాంటిది ఉండాలి. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారు 2021లో ఐపీఎస్ వదిలారు. జయప్రకాశ్ నారాయణ్ గారు 1996లో ఐఏఎస్ వదిలి, 2009లో కూకట్‌పల్లిలో గెలిచారు. వాళ్లూ ఉద్యోగం వదులుకునే వచ్చారు, కాదనను. కానీ పెద్ద హోదా నుంచి దిగేవాళ్లకి పేరు తోడుంటుంది. నెల జీతం మీద బతికే అక్కకి ఏముంది?

పాత ఫైలు:
బాబూ, నీ బాధ అర్థమైంది. కానీ పింఛను ఫైలు చూసే గుమస్తా రేపు ఓటడిగి, ఎల్లుండి అదే సీట్లో కూర్చుంటే, ఓటెయ్యనివాడు ఆ బల్ల దగ్గరికి ధైర్యంగా రాగలడా? ఆ గీత ఉండాల్సిందే. నేను మార్చమనేది ఒక్కటే, పోటీ కోసం ఇచ్చే వీఆర్‌ఎస్‌ని వారంలో తేల్చాలి. ఇప్పుడు అది సెక్షన్ దయ మీద ఉంది.

నాచారం వదిన:
మీ ఆయన్ని నిలబెట్టొచ్చు కదా? ఆయన ఉద్యోగి కాదుగా.

పాత ఫైలు:
ఆయన నిలబడొచ్చు. కానీ ఈమె ప్రచారానికి వెళ్లకూడదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 134ఎ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి ఎన్నికల ఏజెంటుగా గానీ పోలింగ్, కౌంటింగ్ ఏజెంటుగా గానీ కూర్చుంటే మూడు నెలల దాకా జైలు పడొచ్చు.

రామంతాపూర్ అక్క:
అందరికీ దండాలు. వదినా, ఆయన్ని రాత్రే అడిగా. "నాలా గురించి అడిగితే నేనేం చెప్తాను, నీకు తెలుసు గానీ" అన్నాడు. నిలబడితే నేనే నిలబడాలి.

సార్, మీ మాట విన్నాక, వీఆర్‌ఎస్ ఫైలు ఎక్కడా ఆగకూడదని ఈరోజు నా సర్వీస్ రిజిస్టర్ తీయించి చూశాను. 2011లో పెట్టిన మెడికల్ లీవు శాంక్షనైంది గానీ అందులో ఎంట్రీ పడలేదు. సోమవారం దానికి దరఖాస్తు పెడుతున్నా. 2028 మొదట్లో నోటీసు ఇస్తాను. అప్పటికి బాబు డిగ్రీలో ఉంటాడు. ఆటో లోను ఇంకా పద్నాలుగు నెలలుంది, అది ముందు తీర్చేస్తాం. డిపాజిట్ పదివేలకి పెద్దమ్మ ఇప్పుడే చీటీ కడతానంటోంది. వద్దన్నా వినడంలేదు.