పుట్టగానే ఏడవని పాప: మింగడం పరీక్షించేవాళ్లు కోనసీమ దగ్గర్లో ఎవరున్నారు?

అమలాపురం పక్క పల్లెలోని 9 నెలల పాప కోసం అడుగుతున్నానండి. పుట్టగానే ఏడవలేదు, హెచ్‌ఐఈ (పుట్టేటప్పుడు ఆక్సిజన్, రక్తం అందక మెదడు దెబ్బతినడం) రెండో దశ, అంటే మధ్యస్థం. 6 గంటల్లోపే మొదలుపెట్టి 72 గంటలు ఒళ్లు 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేలా చల్లబరిచే కూలింగ్ ఇచ్చారు, మెదడుకి నష్టం తగ్గాలని. అయినా ఎంఆర్‌ఐలో మెదడు లోపలి భాగాలైన బేసల్ గాంగ్లియా, థాలమస్ దెబ్బతిన్నట్టు వచ్చింది. బొటనవేలు ఎప్పుడూ గుప్పిట్లోనే, ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా పడతాయి. దానికి ఫిజియోథెరపీ నడుస్తోంది.

బెంగంతా తిండి దగ్గరే. పల్చటి ఉగ్గు రెండు చెంచాలు పోయగానే దగ్గు, గొంతులో గురగుర. ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. ఒళ్లో పడుకోబెట్టి పోయడం మాన్పించాం. ఇప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, చిక్కగా పెడుతున్నారు. దగ్గు తగ్గింది, పోలేదు.

కాకినాడలోగానీ రాజమండ్రిలోగానీ పసిపిల్లల మింగుడు చూసే స్పీచ్ థెరపిస్టు ఎవరైనా తెలుసా? దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారేదాన్ని కూడా పట్టే, మింగుతుండగా తీసే వీడియో ఎక్స్‌రే ఎక్కడ తీస్తారు? వినికిడికి బెరా పరీక్ష ఒకసారి అయింది, మళ్లీ ఎప్పుడు చేయించాలి?