"కుట్ర సిద్ధాంతం" అనే మాట గురించి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేతాజీ మరణం మీద ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఆయన విమాన ప్రమాదంలో పోలేదనే మాటలన్నిటినీ పేపర్లలో "కుట్ర సిద్ధాంతాలు" అని రాస్తున్నారు. నాకు ఆ మాట మింగుడు పడటం లేదు. వేరే మాట ఉందా?

జవాబు: ఉందమ్మా. "కుట్ర వాదన" అని రాయండి. ఎందుకో చెబుతాను.

మన శాస్త్రాల్లో సిద్ధాంతం చివరన వచ్చేది. ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల మాట. తర్వాత దాని మీద విచారణ. అంతా అయ్యాక నిలబడిందే సిద్ధాంతం. నేతాజీ ఫైజాబాద్‌లో సాధువుగా బతికారన్న మాటకు ముందే ఆ పేరు తగిలిస్తే, నోటు చూడకుండానే చిల్లర ఇచ్చినట్టు ఉంటుంది. వాదన అయితే గెలవొచ్చు, ఓడొచ్చు.

మీ వ్యాసంలో ఇంకో రెండు మాటలు తప్పకుండా వస్తాయి. వాటి దగ్గర కాస్త ఆగండి.

ఒకటి, అనుమానం. మనకు అది సందేహం. తర్కంలో మాత్రం కనిపించే గుర్తును పట్టుకుని కనిపించనిదాన్ని తేల్చడం. అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర పుస్తకంలో కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది, వంటింట్లో చూశాం కదా, అంటాడు. "నిప్పు లేనిదే పొగ రాదు" అని మనం రోజూ అనేది ఇదే. కానీ ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉండి తీరాలి, ఆ నియమం ఒక్కచోట తప్పినా అనుమానం నిలవదు.

ఇది నేతాజీ విషయానికి పెట్టి చూడండి. 1945 ఆగస్టు 18న తైహోకు, అంటే ఇప్పటి తైపీలో, జపాన్ విమానం కూలి, ఒళ్లు కాలి, ఆ రాత్రే ఆసుపత్రిలో పోయారన్నది ప్రభుత్వం చెప్పేది. విచారణకు ప్రభుత్వం వేసిన 1956 షానవాజ్ కమిటీ, 1974లో ఖోస్లా కమిషన్ దాన్నే ఒప్పుకున్నాయి. 2005లో ముఖర్జీ కమిషన్ మాత్రం ఆయన చనిపోయారు గానీ ఆ ప్రమాదంలో కాదంది. ప్రభుత్వం ఆ నివేదికను తోసిపుచ్చింది. ఆ కమిషన్ ముందుకొచ్చిన వాటిలో, ఆ రోజు ప్రమాదం జరిగినట్టు తమ దగ్గర రికార్డు లేదన్న తైవాన్ జవాబు ఒకటి. రికార్డు లేదు కాబట్టి ప్రమాదం లేదనాలంటే, ప్రమాదం జరిగిన ప్రతిచోటా రికార్డు మిగలాలి. అప్పుడు ఆ దీవి జపాన్ చేతిలో ఉంది, యుద్ధంలో ఓడిపోయిన రోజులవి. ఆ నియమం నిలుస్తుందా?

రెండోది నాకు నిద్ర పట్టనివ్వని మాట, ఆప్తుడు. మనకు ఆప్తుడంటే దగ్గరివాడు, కష్టంలో పక్కన నిలిచేవాడు. తర్కసంగ్రహంలో "ఆప్తస్తు యథార్థవక్తా", అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. ఆ విమానంలో నేతాజీ వెంట ఉన్న హబీబుర్ రెహమాన్ బతికి బయటపడి, నా కళ్ల ముందే పోయారని సాక్ష్యం చెప్పారు. నమ్మనివాళ్లు ఏమన్నారు? ఆయన నేతాజీకి నమ్మినబంటు, ఆయన్ను కాపాడటానికే అలా చెప్పాడు అన్నారు. చూశారా, తెలుగు అర్థంలో ఆప్తుడు కాబట్టే తర్కం అర్థంలో ఆప్తుడు కాకుండా పోయాడు! ఇలాంటి వాదనకు జవాబు చెప్పడం చాలా కష్టం. దగ్గరివాడు చెబితే దాస్తున్నాడంటారు, దూరంవాడు చెబితే అతనికేం తెలుసంటారు. ఇక సాక్షి ఎవరు?

మరొకరి ప్రశ్న: మాస్టారూ, మరి సైన్సులో పరిణామ సిద్ధాంతం అంటున్నాం కదా? పైగా సందేహపడినవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

జవాబు: పరిణామ సిద్ధాంతం పరీక్షలకు నిలబడి ఆ పేరు సంపాదించుకుంది బాబూ. మీ రెండో మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. షానవాజ్ కమిటీలో కూర్చుని మిగతా ఇద్దరితో ఒప్పుకోని సురేశ్ చంద్ర బోస్ నేతాజీకి సొంత అన్నగారు. ఆయన అసమ్మతిని కుట్ర వాదన అనకూడదు. అక్కడ "అసమ్మతి" అనే రాయాలి. మా తాతయ్య కూడా "నేతాజీ పోలేదురా, వస్తాడు" అంటూనే వెళ్లిపోయారు. దానికి నా దగ్గర ఉన్న పేరు ఆశ.

ప్రశ్న: భారతరత్న సంగతి కూడా వ్యాసంలో ఉంది. "మరణానంతరం" అని రాయొచ్చా?

జవాబు: తప్పకుండా రాయండమ్మా, ఆ మాట మార్చొద్దు. 1992లో, మన పీవీ నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా, నేతాజీకి మరణానంతరం భారతరత్న అని ప్రకటన వచ్చింది. చనిపోయారని ఎవరు తేల్చారని ఆ మాట మీద కలకత్తా హైకోర్టుకు వెళ్లారు. చివరికి 1997లో సుప్రీంకోర్టు ఆ ప్రకటన రద్దయినట్టేనంది. మీరు అక్కడ "గౌరవార్థం" లాంటిది పెడితే, కోర్టుకు ఎందుకు వెళ్లారో పాఠకులకు అర్థం కాదు.