కొత్తింటికి గోడల్లో ఈథర్నెట్ కేబుల్ వేయించాలా, వైఫై సరిపోతుందా?

కాకినాడ_కృష్ణ: రెండంతస్తుల ఇల్లు కడుతున్నాం. వచ్చే వారం ప్లాస్టరింగ్. తమ్ముడు క్యాట్‌6 రకం ఈథర్నెట్ కేబుల్, అదే నెట్ వైరు, లాగించమంటున్నాడు. ఎలక్ట్రీషియనేమో "ఇప్పుడెవరు వేయిస్తున్నారు సార్, మెష్ పెట్టుకోండి, రెండుమూడు వైఫై పెట్టెలు కలిసి ఇల్లంతా సిగ్నల్ ఇస్తాయి" అంటున్నాడు. ఏం చేయమంటారు?

రాగితీగ: వేయించండి. వైఫైలో ఒక ఛానెల్ మీద ఒకరు పంపుతుంటే మిగతావాళ్లు ఆగాలి. పక్కింటి రౌటరూ ఆ వరుసలోనే ఉంటుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. నెట్‌వర్క్ స్విచ్‌కి (కేబుళ్లన్నీ కలిపే పెట్టె) కట్టిన కేబుల్లో పంపడం, అందుకోవడం ఒకేసారి సాగిపోతాయి.

సిగ్నల్_సత్య: ఇంకా 2.4 దగ్గరే ఉన్నారా? 5 గిగాహెర్ట్జ్ ఉంది. వైఫై 6లో ఒకే ఛానెల్‌ని ముక్కలు చేసి ఒకేసారి చాలా ఫోన్లకు పంచుతారు. క్యాట్‌6 వేయించుకుని 100 ఎంబీపీఎస్‌తో సరిపెట్టుకుంటున్నవాళ్లు నాకు తెలుసు.

రాగితీగ: అది కేబుల్ తప్పు కాదండీ, పనివాడి తప్పు. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, కేబుల్లోని నాలుగు జతల తీగలూ కావాలి. క్రింపింగ్‌లో (కేబుల్ చివర ప్లగ్ బిగించడంలో) నీలం జతో గోధుమ రంగు జతో పోతే 100కి పడిపోతుంది, దానికి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు కాబట్టి. ఇక మీ 5 గిగాహెర్ట్జ్ శ్లాబు దాటేసరికే నీరసిస్తుంది.

సిగ్నల్_సత్య: ఆ నాలుగు జతలూ టెస్టర్ పెట్టి చూసే ఎలక్ట్రీషియన్ ఎక్కడ దొరుకుతాడో చెప్పండి ముందు.

లత_బెజవాడ: ఆయన అడిగింది ఇంటి గురించి. క్రింపింగ్ గురించి కాదు.

రాగితీగ: మా అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో వైఫై పోయింది. అప్పుడు ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. మీరు వేగం లెక్కలు చెబుతున్నారు, నాకు కావలసింది నిలకడ. కేబుల్ వద్దనేవాళ్లకి ఆ బాధ తెలీదు.

సిగ్నల్_సత్య: నా బాధ మీకు తెలుసా? అద్దింట్లో హాలు నుంచి గదికి వైరు లాగినందుకు, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో కోత పెట్టారు. మేకు కొట్టే హక్కు లేనివాడికి వైఫై కాక ఇంకేముంది? కేబుల్ సొంతిల్లున్నవాళ్ల మాట.

రాగితీగ: అడిగినాయనది సొంతిల్లే కదా!

పాత_అడ్మిన్: 1973లో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాల 'పార్క్'లో మెట్కాఫ్ అనే ఇంజినీరు ఈథర్నెట్ ఆలోచన చేసింది హవాయిలోని అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్ చూసే. రెండూ ఒక తల్లి బిడ్డలు, కొట్టుకోకండి. కృష్ణగారూ, ముందు కరెంటు వైర్లతో కలపకుండా విడిగా ఖాళీ పైపు వేయించండి. మెష్ పెట్టినా పైఅంతస్తు పెట్టెకి కేబుల్ ఇవ్వండి. లేకపోతే రెండు పెట్టెలూ తమలో తాము మాట్లాడుకోడానికే గాలిలో చోటు తింటాయి. రాగి పూసిన అల్యూమినియం కేబుల్ అంటగడతారు, అసలు రాగిదే అడగండి.

కాకినాడ_కృష్ణ: పైఅంతస్తు అద్దెకిద్దామనుకుంటున్నామండీ.

సిగ్నల్_సత్య: అయితే అక్కడ గదిగదికీ వేయించండి. వచ్చేవాళ్లు గోడ తవ్వలేరు.

రాగితీగ: పైపు వరకు సరే. అద్దెకొచ్చేవాళ్ల కేబుల్ ఖర్చు ఓనరెందుకు పెట్టుకోవాలి?

సిగ్నల్_సత్య: మొదటి నుంచీ నేను అడుగుతున్నది అదేనండీ. ఫ్యాన్ పాయింటు ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు?