స్టడీ స్కిల్స్ క్లాసుకి పంపితే ఎంపీసీ వద్దంటున్నాడు

ప్రశ్న: మావాడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. మార్కులు పెరుగుతాయని దసరా సెలవుల్లో స్టడీ స్కిల్స్ ట్రైనింగ్‌లో చేర్పించాం. ఏ సబ్జెక్టు ఎంతసేపు చదివాడో, ఏ తప్పు ఎందుకు చేశాడో రోజూ నోట్‌బుక్‌లో రాయించారు. ఇప్పుడు అదే నా ముందు పెట్టి, "నాన్నా, సీఈసీకి (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) మారతా" అంటున్నాడు. డబ్బిచ్చి తలనొప్పి కొనుక్కున్నట్టుంది. ఏం చేయమంటారు?

జవాబు 1: తొందరపడకండి సార్. ఎంసెట్‌ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) 160 ప్రశ్నల్లో 80 లెక్కలే. లెక్కల్లో పోయేవి కంగారు తప్పులా, అసలు అర్థం కానివా? కంగారైతే చదివే పద్ధతి మారితే చాలు, గ్రూపు మార్చక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు: రాత్రి కూర్చుని మొత్తం చూశానండీ. లెక్కలు బాగానే ఉన్నాయి. ఫిజిక్స్ పేజీల్లోనే "చదివాను, గుర్తులేదు" అని పదకొండు చోట్ల రాశాడు. వెనక అట్ట లోపల మాత్రం పేపర్లోంచి కత్తిరించిన బంగారం ధరలు, తేదీలతో సహా! మా ఆవిడ నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

జవాబు 2: అయితే సీఈసీ ఎందుకన్నా, ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) అడగండి. లెక్కలు చేజారవు. చార్టర్డ్ అకౌంటెన్సీ (సీఏ) ఫౌండేషన్‌లోనూ లెక్కలు, స్టాటిస్టిక్స్ ఉంటాయి. నేను అలాగే వెళ్లాను. మధ్యలో మారనిస్తారో లేదో రేపే కాలేజీలో కనుక్కోండి.