అమ్మ డిమెన్షియా సంరక్షణ ఖర్చును బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ భరించేలా చేసుకున్నవారు దయచేసి మీ అనుభవం చెప్పండి

లెస్టర్ కొడుకు:
అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 79 ఏళ్లు. అల్జీమర్స్ అని తేలి అయిదేళ్లయింది. నాన్నగారు పోయాక కూడా తన పేరున ఉన్న ఇంట్లోనే ఉండేవారు. మేము రెండు వీధుల అవతల ఉంటాము. రెండు నెలల క్రితం అర్ధరాత్రి బయటికి వెళ్లబోయి, మెట్ల మీద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు తాత్కాలికంగా ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. ఆస్తి 23,250 పౌండ్లు దాటింది కాబట్టి ఇకపై ఖర్చంతా ఆమే భరించాలని, అవసరమైతే ఇల్లు అమ్ముకోవాలని సోషల్ వర్కర్ చెప్పారు. సంరక్షణ ఖర్చును ఎన్‌హెచ్‌ఎస్సే భరించే కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్, అంటే సీహెచ్‌సీ అనే ఏర్పాటు ఒకటుందని మాకు ఎవరూ చెప్పలేదు, ఒక బంధువు ద్వారా నిన్ననే తెలిసింది. ఇంత ముదిరిన డిమెన్షియాకైనా అది వస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

హారో కోడలు:
మా మామగారికి 2023లో మంజూరైంది కాబట్టి తెలిసినంత చెబుతాను. ముందుగా ఒక్క మాట: జబ్బు పేరు చూసి ఇవ్వరు. డిమెన్షియా ఉన్నంత మాత్రాన రాదు, ఆస్తి ఉన్నంత మాత్రాన పోదు. ఆ మనిషి అవసరాలు ప్రధానంగా ఆరోగ్యానికి సంబంధించినవా, కాదా అన్నదే ప్రశ్న. అవునని తేలితే నర్సింగ్ హోమ్ ఖర్చు మొత్తం ఎన్‌హెచ్‌ఎస్‌దే, ఇంటి జోలికి ఎవరూ రారు. మీ ప్రాంతంలో ఎన్‌హెచ్‌ఎస్ సేవలు చూసే ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డుకు, చెక్‌లిస్ట్ అనే తొలి పరిశీలన చేయమని రాతపూర్వకంగా అడగండి. అది దాటితే పూర్తి అసెస్‌మెంట్ ఉంటుంది. చెక్‌లిస్ట్ బోర్డుకు అందిన 28 రోజుల్లో నిర్ణయం చెప్పాలన్నది నియమం. ఆలస్యమై, చివరికి అర్హత ఉందని తేలితే 29వ రోజు నుంచి మీరు కట్టినది తిరిగి ఇవ్వాలి.

ఇక మేము చేసిన పొరపాటు. మామగారు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. అసెస్‌మెంట్‌కు వచ్చిన ఇద్దరిని చూడగానే లేచి నిలబడి నమస్కారం పెట్టి, కాఫీ తీసుకుంటారా అని ఇంగ్లీషులో అడిగారు. అదే రోజు పొద్దున స్నానం చేయించబోయిన ఇద్దరు కేరర్లను కొట్టిన సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. పైగా మా అత్తగారు, "ఆయన కోపిష్టి కాదండీ, యాభై ఏళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు" అన్నారు. ఆ మాట నిజమే. కానీ వాళ్లు అడిగింది గడిచిన నెల గురించి. పెద్దవాళ్ల పరువు కాపాడాలని మనం సర్ది చెప్పే ప్రతి మాటా ఆ కాగితం మీద అవసరం లేనట్టే నమోదవుతుంది. ఆ పూట తర్వాత నేను అత్తగారికి ఎంతో నచ్చజెప్పవలసి వచ్చింది. ఇంటి మనిషి గురించి ఇలాంటివి పరాయివాళ్ల ముందు చెప్పడం ఆమెకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

వార్డు నర్సు:
వృద్ధుల వార్డులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. పైన చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పూర్తి అసెస్‌మెంట్‌లో 12 విభాగాలుంటాయి: శ్వాస, ఆహారం, మలమూత్ర నియంత్రణ, చర్మం, కదలిక, సంభాషణ, మానసిక స్థితి, గ్రహణశక్తి, ప్రవర్తన, మందులు, స్పృహ, ఇవి కాక మిగిలిన ముఖ్యమైన అవసరాలు. ప్రవర్తన వంటి నాలుగింటిలో మాత్రమే 'ప్రయారిటీ' అనే అత్యున్నత స్థాయి ఉంది. ఒక ప్రయారిటీ గానీ 'సివియర్' (తీవ్రం) అనే స్థాయి రెండింటిలో గానీ వస్తే అర్హత ఉందని సిఫారసు చేయడం ఆనవాయితీ. అవి రాకపోయినా దారి మూసుకుపోదు. అవసరాల స్వభావం, తీవ్రత, సంక్లిష్టత, ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేని తీరు, వీటన్నిటినీ కలిపి చూడాలి.

కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే: చక్కగా చూసుకుంటున్నారు కాబట్టి అవసరమే లేదని అనుకోకూడదని మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఒక అమ్మాయి రోజూ మధ్యాహ్నం వచ్చి, గంటసేపు బతిమాలి, వాళ్లమ్మకు నాలుగు ముద్దల పెరుగన్నం తినిపించేది. హోమ్ రికార్డులో 'బాగా తిన్నారు' అని ఉంది. ఆ గంట కాగితం మీద ఎక్కడా లేదు. హోమ్ వారి రోజువారీ రికార్డుల నకళ్లు అడిగి తీసుకుని, మీరు చూసినదానితో పోల్చుకోండి.

మరొకటి మనవాళ్లకు ప్రత్యేకమైనది. డిమెన్షియా ముదిరేకొద్దీ చాలామందిలో తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోతుంది. ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు మాట్లాడినవారు కూడా తెలుగులోకి వెళ్లిపోవచ్చు. "కడుపులో మంటగా ఉందే" అని ఆమె మొరపెట్టుకుంటే రికార్డులో 'అరుస్తున్నారు' అని మాత్రమే ఉంటుంది. అసెస్‌మెంట్‌కు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను ముందుగానే అడగండి, ఆ పని మీరు నెత్తిన వేసుకోకండి. మీరు అక్కడ ఉండవలసింది కొడుకుగా.

రెడింగ్ నుంచి:
మాది గెలుపు కథ కాదు, అయినా రాస్తున్నాను. మా నాన్నగారికి మొదట నిరాకరించారు. నిర్ణయం వచ్చిన ఆరు నెలల్లోపు దాన్ని పునఃపరిశీలించమని బోర్డునే అడగాలి. అక్కడా కాకపోతే మరో ఆరు నెలల్లోపు ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ వారి స్వతంత్ర సమీక్షా ప్యానెల్‌ను కోరవచ్చు. ఆ తర్వాత ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్. నేను ప్యానెల్ దాకా వెళ్లాను. 1999లో కోగ్లన్ కేసులో అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు చదివాకే నాకు ధైర్యం వచ్చింది. స్థానిక కౌన్సిల్ అందించదగిన స్థాయిని దాటిన నర్సింగ్ అవసరాలను డబ్బు కట్టించుకునే సామాజిక సంరక్షణలోకి నెట్టడానికి వీల్లేదన్నది దాని సారాంశం. చివరి ఎనిమిది నెలలకు మాత్రమే అర్హత ఉందని తేల్చారు. అప్పటికి నాన్నగారు లేరు. వచ్చిన సొమ్ము అమ్మ ఖాతాలో వేశాము. ఆయన ఉండగానే తేలి ఉంటే, కిటికీలోంచి చెట్టు కనిపించే ఆ గది మార్చవలసి వచ్చేది కాదన్న బాధ ఇప్పటికీ ఉంది.

సీహెచ్‌సీ రాకపోయినా నర్సింగ్ హోమ్‌లో ఉన్నవారికి నర్సు సేవల కోసం వారానికి ఇంత అని ఎన్‌హెచ్‌ఎస్ నేరుగా హోమ్‌కు చెల్లించే పద్ధతి ఉంది. దానికి ఆస్తితో సంబంధం లేదు. అది అందుతోందో లేదో కూడా చూసుకోండి.

గ్లాస్గో:
ఇది చదివే స్కాట్లండ్‌వారి కోసం ఒక మాట. ఇక్కడ సీహెచ్‌సీ లేదు. వృద్ధులకు వ్యక్తిగత సంరక్షణ 2002 నుంచి ఉచితమే గానీ, హోమ్‌లో వసతి, భోజనాల ఖర్చుకు ఆస్తి చూస్తారు.

లెస్టర్ కొడుకు:
ఏడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. చెక్‌లిస్ట్ దాటింది. పూర్తి అసెస్‌మెంట్ వచ్చే గురువారం. తెలుగు ఇంటర్‌ప్రెటర్ వస్తారని రాతపూర్వకంగా తెలియజేశారు. హోమ్ రికార్డులు తెప్పించి చూస్తే నర్సుగారు చెప్పినట్టే ఉంది: పదకొండు రాత్రులకు 'ప్రశాంతంగా నిద్రపోయారు' అని రాశారు, వాటిలో నాలుగు రాత్రులు హోమ్ వారే నాకు ఫోన్ చేసి రమ్మన్నారు. ఆ ఫోన్ల తేదీలు, సమయాలు పక్కన రాసి జతచేశాను. చెల్లెలూ నేనూ ఒక నోటు పుస్తకం పెట్టాము. మొదటి వారం మా ఇద్దరికీ రాయడానికి చేయి రాలేదు, అమ్మ మీద చాడీలు రాస్తున్నట్టు అనిపించింది. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాము. నిన్నటిది ఇలా ఉంది: "రాత్రి 2.40. తలుపు దగ్గర చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. నాన్న కాలేజీ నుంచి రాలేదని ఏడ్చింది. పట్టుకోబోయిన కేరర్ చేయి కొరికింది. మళ్లీ పడుకోవడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు."